ఒక్కరోజు పురుగు – మూడేళ్ళ బతుకు

వానాకాలం మొదలైతే మా రాయపూర్‌లో, ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ దీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుతాయి. "వానకి పుడతాయి, తెల్లారేసరికి పోతాయి. అంతా పైవాడి లీల" అన్నారు మొన్న మా పక్కింటాయన. అక్కడ వాదించలేదు గానీ, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

ఈ మాట అంతకన్నా పెద్దవాళ్ళే అన్నారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్, హిపానిస్ నదిలో (ఈనాటి ఉక్రెయిన్‌లోది) సంచుల్లోంచి ఒక పురుగు పుట్టి సాయంత్రానికి చస్తుందనీ, దానికి కాళ్ళు నాలుగనీ రాశాడు. మేఫ్లై అనే ఈ పురుగుకి కాళ్ళు ఆరు. చాలా పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయన్నదీ ఆయన మాటే. దాన్ని లోకం దాదాపు రెండు వేల ఏళ్ళు నమ్మింది.

1675లో డచ్ వైద్యుడు యాన్ స్వామర్‌డామ్ ఈ పురుగు మీద ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేశాడు. నది ఒడ్డు బంకమట్టిలో బొరియలు చేసుకున్న పిల్లపురుగుల్ని తీసి, కోసి చూశాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మూడేళ్ళు ఆ మట్టిలోనే పెరుగుతుంది. రెక్కలొచ్చాక తిండి తినదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొన్ని గంటల్లో చనిపోతుంది. మనం చూసేది ఆ చివరి పూట మాత్రమే.

మనవాళ్ళకి ఒక మాట చెప్పాలి. స్వామర్‌డామ్ నాస్తికుడు కాడు. ఆ పుస్తకం నిండా దైవభక్తే. అయినా గ్రంథంలో ఉన్నది వదిలి మట్టిలో ఉన్నది చూశాడు. హేతువాదమంటే నాకు తెలిసి అదే.

1758లో లిన్నేయస్ రెక్కలు చూసి మేఫ్లైలని తూనీగలతో కలిపి ఒకే గణంలో పెట్టాడు. స్వామర్‌డామ్ చూసిన జాతికి 1791లో ఒలివియే 'లాంగికాడా' (పొడుగుతోకది) అని పేరు పెట్టాడు. 1839లో బర్మైస్టర్ 'పాలింజీనియా' అనే ప్రజాతిని ఏర్పరిచాడు. తర్వాత మేఫ్లైలకి ఎఫిమెరోప్టెరా అని సొంత గణమే వచ్చింది. తోకలతో కలిపి 12 సెంటీమీటర్ల దాకా ఉండే ఈ జాతి, యూరప్ మేఫ్లైలలో అన్నిటికన్నా పెద్దది. దాని కుటుంబంవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు.

ఒకప్పుడు డచ్ నదుల మీద మేఘంలా లేచిన ఆ పురుగు, నీళ్ళు పాడై, గట్లు రాళ్ళతో కట్టేశాక పశ్చిమ యూరప్‌లో కనుమరుగైంది. ఇప్పుడు ముఖ్యంగా హంగరీ మీదుగా పారే టిస్సా నదిలోనూ, దాని ఉపనదుల్లోనూ మిగిలింది. జూన్‌లో అక్కడ అది లేచే దృశ్యాన్ని 'టిస్సా పూత' అంటారు. మూడేళ్ళు దాక్కోవడానికి మెత్తటి ఒడ్డు లేకపోతే ఆ ఒక్క సాయంత్రమూ లేదు.

పక్కింటాయన్ని ఈసారి దీపం దగ్గరికి కాదు, ఖారూన్ ఒడ్డు మట్టి దగ్గరికి తీసుకెళ్తాను. ఇద్దరం కలిసి తవ్వి చూస్తాం.