మదనపల్లెలో ఐరిష్ ఇంగ్లిష్ మాస్టారు

మదనపల్లె అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే: టమాటా మార్కెట్, జనగణమన. రెండోదాని గురించి ఏటా ఆగస్టులో ఫోన్లలో ఒక కథ తిరుగుతుంది. ఠాగూర్ ఆ పాటను మదనపల్లెలోనే రాశారనీ, ఒక తెల్లదొరసాని దానికి బాణీ కట్టిందనీ. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ పాటను 1911 డిసెంబర్‌లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. మదనపల్లెలో జరిగింది వేరే. నాకైతే పాట కన్నా ఆ దొరసాని, ఆమె భర్త మీదే ఎక్కువ కుతూహలం.

కారణం ఉంది. మాది సిద్దిపేట జిల్లా ప్రజ్ఞాపూర్. హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద, గజ్వేల్ పక్కనే. ఆ మధ్య మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి, "అక్కా, వేరే దేశంల ఉండుకుంట ఇంగ్లిష్ చెప్పే వాలంటీర్ పనులు ఉంటయట కదా, పోవాల్నా వద్దా?" అని అడిగాడు. డబ్బు, వీసా సంగతి నాకేం తెలుసని చెప్పను? కానీ ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న కనిపించింది. పరాయి ఊరికి పోయి, ఆ ఊరిది కాని భాష చెప్పి, ఒక మనిషి అక్కడ ఏం మిగిల్చి రాగలడు? దీనికి మన నేల మీదే ఒక పాత ఉదాహరణ ఉంది. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్.

జేమ్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. డబ్లిన్‌లో యేట్స్, జార్జ్ రస్సెల్‌ల సాహిత్య పునరుజ్జీవన బృందంలో తిరిగిన కవి. 1904లో ఉండటానికి చోటు లేని కుర్ర జేమ్స్ జాయిస్ కొద్ది రోజులు వీళ్లింట్లోనే తలదాచుకున్నాడు. ఆ తర్వాత ఒక వ్యంగ్య కవితలో కజిన్స్ పద్యాలను ఎగతాళి కూడా చేశాడు. మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో ఐర్లండ్ మహిళల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. ఆ ఉద్యమంలో రెండుసార్లు జైలుకు వెళ్లారు, లండన్‌లో ఒకసారి, ఐర్లండ్‌లో ఒకసారి.

1915లో ఇద్దరూ మద్రాసు వచ్చారు. అనీబిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్‌కు ఉద్యోగం. మరుసటి ఏడాది డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. తిరగబడ్డవాళ్లను మెచ్చుకుంటూ జేమ్స్ రాసిన వ్యాసంతో ఆ ఉద్యోగం కాస్తా పోయింది. బిసెంట్ ఆయన్ను మదనపల్లెలోని దివ్యజ్ఞాన సమాజం కాలేజీకి ఇంగ్లిష్ చెప్పడానికి పంపారు. బ్రిటిష్ సామ్రాజ్యం మీద తిరుగుబాటును పొగిడిన మనిషికి దొరికిన పని, ఆ సామ్రాజ్యం భాషనే రాయలసీమ కుర్రాళ్లకు నేర్పడం!

కజిన్స్ ఆ భాషను పరీక్షల భాషగా మాత్రమే చూడలేదు. ఐర్లండ్‌లో తన తరం కవులు ఇంగ్లిష్‌లోనే రాస్తూ తమ పురాణాలను, తమ పల్లె మాటను అందులోకి తెచ్చుకోవడం ఆయన దగ్గర నుంచి చూశారు. కాబట్టి ఆ భాష ఇంగ్లండ్ సొత్తు అన్న భ్రమ ఆయనకు లేదు. 1917లో మద్రాసులో అచ్చయిన ఆయన విమర్శ పుస్తకం 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్' పాండిచ్చేరిలో అరవిందుల చేతికి చేరింది. దాని మీద సమీక్షగా మొదలుపెట్టిన రచనే పెరిగి పెరిగి 'ద ఫ్యూచర్ పొయెట్రీ' అయింది. సాహిత్య చరిత్రల్లో మదనపల్లె పేరు ఈ సందర్భంలో పెద్దగా వినపడదు. వినపడాలి.

ఇక 1919 ఫిబ్రవరి. దక్షిణాది పర్యటనలో అలసిన ఠాగూర్ విశ్రాంతికి మదనపల్లె వచ్చారు. కాలేజీలో పిల్లలు, పంతుళ్లు కలిసి పాటలు పాడుకునే సాయంత్రం ఒకటి ఉండేది. 28వ తేదీన ఠాగూర్ అక్కడ జనగణమన పాడారు. తర్వాత ఆ ఊళ్లో ఉండగానే దాన్ని 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా'గా ఇంగ్లిష్ చేశారు. ఠాగూర్ పాడిన బాణీనే మార్గరెట్ పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపిగా రాసిపెట్టారు. ఆమె చేసింది అది. బాణీ కట్టడం వేరు, ఉన్న బాణీ చెదిరిపోకుండా కాగితం మీద నిలపడం వేరు. రెండోది తక్కువ పనేం కాదు. ఆ పాట కాలేజీ ప్రార్థనా గీతమైంది. 1937లో జాతీయ గీతం మీద వాదాలు నడుస్తున్నప్పుడు దీని పక్షాన పత్రికలకు రాసినవాళ్లలో జేమ్స్ కూడా ఉన్నారు.

మార్గరెట్ పని అంతటితో ఆగలేదు. 1917లో మద్రాసులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపనలో ఆమె ఉన్నారు. అదే డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళా బృందం మాంటేగును కలిసి ఓటు హక్కు అడిగింది. దాని వెనక నడిపించినవాళ్లలో ఆమె ఒకరు. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటు ఇవ్వడానికి ఒప్పుకుంది. 1926 ఎన్నికల్లో నిలబడమని కమలాదేవి చటోపాధ్యాయను ప్రోత్సహించింది ఆమే. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడానికి చొరవ కూడా ఆమెదే. 1932లో ప్రభుత్వ ఆంక్షలకు వ్యతిరేకంగా మాట్లాడి వెల్లూరు జైలుకు వెళ్లారు. ఐర్లండ్‌లో అలవాటైన పనే.

అట్లని వీళ్లను దేవుళ్లను చేయనక్కర్లేదు. ఆ ఓటు ఆస్తిపన్నులు కట్టే కొద్దిమంది ఆడవాళ్లకే. ఆ సంఘాల్లో ముందు వరస ఇంగ్లిష్ వచ్చిన, ఉన్నవాళ్ల ఇళ్ల ఆడవాళ్లదే. కూలికి పోయే మనిషి గొంతు ఆ తీర్మానాల్లో వెతికినా దొరకడం కష్టం. ఇంగ్లిష్ వచ్చిన చోట తలుపులు తెరుచుకుంటాయి, నిజమే. రానివాళ్లు అప్పుడూ గుమ్మం బయటే, ఇప్పుడూ అంతే.

మా వైపు సంగతి చూస్తే ఇంకో కోణం కనబడుతుంది. అవే ఏళ్లలో ప్రజ్ఞాపూర్ నిజాం రాజ్యంలో ఉంది. 1919లో తరగతులు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పింది, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు. దేశభాషలో పెద్ద చదువు అనేది గొప్ప ప్రయోగమే, కానీ మా తెలుగు పల్లెల పిల్లలకు ఆ దేశభాష కూడా ఇంటి భాష కాదు. మదనపల్లె కుర్రాడికి అడ్డం ఒక పరాయి భాషయితే, మా ముత్తాతల తరానికి రెండు.

జేమ్స్ మధ్యలో టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ కవిత్వం చెప్పారు, తర్వాత తిరువాన్కూరులో చిత్రశాల ఏర్పాటుకు పనిచేశారు. మళ్లీ మదనపల్లెకే వచ్చారు. మార్గరెట్ 1954లో, జేమ్స్ 1956లో కన్నుమూశారు. ఐర్లండ్‌కు తిరిగి వెళ్లి స్థిరపడలేదు.

వాలంటీర్ అనే మాట ఇప్పుడు నెలల లెక్కలో నడుస్తోంది. 1961 నుంచి 1976 దాకా మన దేశంలో పనిచేసిన అమెరికా పీస్ కోర్ వాళ్లకు గడువు రెండేళ్లు. ఈ దంపతులది నలభై ఏళ్లు. అంత కాలం ఉంటే గానీ ఊరు మనిషిని నమ్మదని నేననను. కానీ జేమ్స్ చెప్పిన గ్రామరు ఎవరికీ గుర్తులేదు. మార్గరెట్ రాసిపెట్టిన స్వరలిపి, ఆమె నిలబెట్టిన సంఘాలు మిగిలాయి. అవి రెండూ ఇక్కడివాళ్లు అప్పటికే మొదలుపెట్టిన పనులకు పట్టిన చేయూతలు. మా తమ్ముడికి నేను చెప్పింది ఇంతే: పో, కానీ పోయినచోట ముందు వాళ్ల పాట విను.