గోపన్న లెక్క, గోల్కొండ ఖజానా

కంచర్ల గోపన్న దొంగ కాదు. కానీ తప్పు చేశాడు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడానికి మనకు మూడు వందల ఏళ్ళుగా నోరు రావడం లేదు. అతణ్ణి రామదాసు అనగానే చేతులు జోడిస్తాం, తానీషా చెర అనగానే కళ్ళు తుడుచుకుంటాం. ఈ రెండింటి మధ్య తహసీల్దారు గోపన్న అనే ఉద్యోగి ఒకడు ఉండేవాడని మరిచిపోతాం.

ఊరు నేలకొండపల్లి, ఖమ్మానికి దగ్గర. అక్కన్న మాదన్నలు అతనికి మేనమామలని చెబుతారు. గోల్కొండలో 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గద్దెనెక్కాడు, మనం తానీషా అనేది ఇతణ్ణే. కొద్ది కాలంలోనే దివాణం మాదన్న చేతికి వచ్చింది. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీలు దక్కింది. మేనమామ మంత్రి అయితే మేనల్లుడికి కొలువు దొరకడం ఆ రోజుల్లోనూ వింత కాదు లెండి.

ఆ పరగణా అంటే సగం అడవే. కిన్నెరసాని పారే నేల, ఇప్పచెట్లు, కోయల పోడు, గోదావరి దాటితే భద్రగిరి. ఆ గుట్ట మీద కోయ ఇల్లాలు పోకల దమ్మక్క పుట్టలో దేవుణ్ణి కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. రాజుకూ ఖజానాకూ సంబంధం లేకుండా ఒక ఆడమనిషి నడిపిన గుడి అది. గోపన్న వచ్చేనాటికి రాముడికి నీడ ఆ తాటాకులే.

గోపన్న చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు.

మొదట చందాలు అడిగాడట. చాలలేదు. అప్పుడు, వసూలైన శిస్తు ఉంది కదా, దానితో పని కానివ్వండి, పంటలు చేతికొచ్చాక మేము తీరుస్తాం అని రైతులే అన్నారట. కథ చెప్పేవాళ్ళు ఈ ముక్కను చాలా పట్టుగా చెబుతారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. జనం ఒప్పుకున్నారన్న మాట తీసేస్తే, ఆరు లక్షల వరహాల సర్కారు సొమ్మును ఒక ఉద్యోగి తన ఇష్టదైవానికి ఖర్చు పెట్టాడనే మిగులుతుంది. భక్తులకూ ఆ సంగతి తెలుసు. అందుకే కథలోకి రైతుల సాక్ష్యం తెచ్చారు.

గోల్కొండ రాజ్యంలో శిస్తు అంటే మామూలు మాట కాదు. వసూలు హక్కును ఏటేటా వేలం వేసేవారు. పాట పాడుకున్నవాడు రైతు వీపు మీద ఆ డబ్బు రాబట్టుకునేవాడు. మాదన్న వచ్చాక ఆ పద్ధతి మార్చబోయాడు. జీతాల మీద ఉద్యోగులను పెట్టి, వసూలైన ప్రతి హొన్నుకూ పద్దు ఉండాలన్నాడు. అటువంటి మంత్రికి సొంత మేనల్లుడి పద్దులోనే కన్నం కనబడితే ఎలా ఉంటుంది? కొలువులో ఇతర వర్గాలకు అసలే మాదన్న అంటే గిట్టదు. తానీషా క్షమిస్తే మంత్రి బంధువు కాబట్టి వదిలేశాడంటారు. మాదన్న అడ్డుపడితే వాటా తిన్నాడంటారు. కనుక గోపన్నను కాపాడగలిగిన ఇద్దరికీ చేతులు కట్టేసినట్టయింది. పన్నెండేళ్ళ చెర అంటారు. గోల్కొండ కోటలో ఆ బందిఖానాను ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు చెక్కి ఉంటారు.

ఆ చెరలో గోపన్న ఏడ్చాడు, వేడుకున్నాడు, తిట్టాడు. నన్ను మాత్రం పట్టి నిలిపేది అతని 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన. అది పాటగా మారిన ఖర్చుల చిట్టా. ప్రాకారానికి ఎంత పట్టిందో, భరతుడి పచ్చల పతకానికి ఎంతో, శత్రుఘ్నుడి మొలతాటికి ఎంతో, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఎంతో, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతో వరసగా చెబుతాడు. తహసీల్దారు కలం ఎక్కడికి పోతుంది! ఆడిటరు ముందు దాఖలు చేయాల్సిన లెక్కను దేవుడి ముందు దాఖలు చేశాడు. పైగా ఆ సొమ్ము నీదెలా అయిందని దేవుణ్ణే నిలదీశాడు. దేశంలో ఖజానా బంగారం గురించి ఎవరు వాదులాడుకున్నా, అడగాల్సిన ప్రశ్న ఈ ఖైదీ ముందే అడిగి పెట్టాడు.

తరవాతి కథ పిల్లలకు కూడా తెలుసు. నడిరేయి ఇద్దరు యువకులు వచ్చి తానీషా ముందు ఆరు లక్షల మాడలు కుమ్మరించి, రసీదు రాయించుకుని వెళ్ళారు. ఆ రసీదు సంగతి గమనించండి. మన జానపదుడు దేవుడి చేత కూడా రసీదు లేకుండా బాకీ తీర్పించలేదు.

మన కాలంలోనూ ఇటువంటి తగువు ఒకటి నడిచింది. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగి, ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి పోతూ, దేశం చేతిలో కొన్ని వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలిన 1991 అది. మే నెలలో చంద్రశేఖర్ ఆపద్ధర్మ ప్రభుత్వం, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే షరతుతో స్విస్ బ్యాంకుకు అమ్మించింది. జూన్ 21న మన పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నులను తాకట్టుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల పేర విమానాల్లో పంపింది. చేతికొచ్చింది సుమారు 40 కోట్ల 50 లక్షల డాలర్లు. జనానికి ఈ సంగతి పత్రికల్లో చదివాకే తెలిసింది. పుస్తెలతాడు కుదువ పెట్టినంత అవమానంగా దేశం కుమిలిపోయింది. అప్పు ఎగవేసిన దేశమన్న పేరు రావడం కన్నా ఇది నయమని మరికొందరు వాదించారు. నా మటుకు రెండోవాళ్ళదే సరైన మాట. తాకట్టు పెట్టడం తప్పు కాదు, చెప్పకుండా పెట్టడం తప్పు. గోపన్న విషయంలో కూడా నాది అదే తీర్పు. ఏమైతేనేం, ఆ ఏడాది చివరికల్లా తాకట్టు విడిపించుకున్నారు.

గోల్కొండకు విడిపించుకునే గడువు దొరకలేదు.

1685లో మొఘల్ సేన హైదరాబాద్‌లో జొరబడింది. అబుల్ హసన్ రాత్రికి రాత్రి కోటలోకి పారిపోయాడు, నగరం దోపిడీ అయింది. సంధి కోసం ఔరంగజేబు పెట్టిన షరతుల్లో డబ్బుతో పాటు అక్కన్న మాదన్నల ఉద్వాసన కూడా ఉంది. రాజు తటపటాయించాడు. అంతఃపురం తటపటాయించలేదు. 1686 మార్చిలో ఓ రాత్రి కొలువు నుంచి ఇంటికి వెళ్తున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలో నరికేశారు. మాదన్న తలను మొఘల్ శిబిరానికి పంపారు. హొన్ను హొన్నుకూ పద్దు ఉండాలన్న మనిషి ముగిసిన తీరు అది.

అంత చేసినా పాదుషా ఆగలేదు. 1687 మొదట్లో వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలలు. వాన, వరద, కరువు, రోగం మొఘల్ గుడారాల్నే ఎక్కువగా తిన్నాయి. కోట గోడల కింద పెట్టిన మందుపాతరలు వెనక్కి పేలి సొంత సైనికుల్నే చంపాయి. ఫిరంగులకు లొంగని కోట లంచానికి లొంగింది. సెప్టెంబరులో ఓ రాత్రి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు తలుపు తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడు ఒళ్ళంతా గాయాలతో కూలేదాకా పోరాడాడు. మొఘల్ సర్దార్లు లోపలికి వచ్చేసరికి అబుల్ హసన్ తొణకకుండా భోజనానికి కూర్చున్నాడట. తిని, వాళ్ళ వెంట నడిచాడు.

ఖజానాలో దొరికింది దాదాపు 7 కోట్ల రూపాయలు, అవి గాక నగలు, బంగారు వెండి పాత్రలు. ఆరు లక్షల కోసం ఒక తహసీల్దారును చెరలో వేసిన ఖజానా అది. వజ్రాల గనుల సొమ్ము, మచిలీపట్నం సుంకాలు, పాల్వంచ అడవి అంచు రైతు కట్టిన శిస్తు, అంతా ఒకే కుప్ప. ఎవరి లెక్క ఎంతో అడగడానికి మాదన్న లేడు. ఆ సొమ్మూ దక్కన్ యుద్ధాల్లో కరిగిపోయింది. ఆ యుద్ధాలు ముగియకుండానే ఔరంగజేబు 1707లో అహ్మద్‌నగర్‌లో కన్నుమూశాడు.

అబుల్ హసన్‌ను దౌలతాబాద్ కోటలో పెట్టారు. గోపన్నకు అతని కోటలో పన్నెండేళ్ళు పట్టిందంటారు. అబుల్ హసన్‌కూ దౌలతాబాద్‌లో ఇంచుమించు అంతే పట్టింది, బయటికి మాత్రం రాలేదు. అతని కోసం ఏ నడిరేయీ ఎవరూ మాడలు తేలేదు. ఇబ్రహీంబాగ్‌లో తన పూర్వీకుల గుమ్మటాల పక్కన చోటు దక్కక ఖుల్దాబాద్ మట్టిలో కలిశాడు. అయినా శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ అతని పేరే మోస్తోంది. ఇవాళ ఆ ముత్యాలు తెలంగాణ ప్రభుత్వం పంపుతుంది.

గోల్కొండ ఖజానాకు చేరినదానిలో పాల్వంచ రైతు వారసులకు కంటపడేది ఇంకేమీ లేదు. గోపన్న చేయించాడని చెప్పే చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి మాత్రం ఇప్పటికీ భద్రాచలం గుడిలోనే ఉన్నాయి.