పెక్కుచేతుల కట్టడము: ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ చరిత్రము

సంస్థల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా మూలపురుషునితో ఆరంభించి భవనముతో ముగింతురు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ చరిత్రమును ఆ పద్ధతిని వ్రాయుట కష్టము. ఏలనన, 1914లో ఈ సంఘము పుట్టునాటికే దాని యవయవములు తెలుగుసీమ నలుమూలల విడివిడిగా జన్మించి, తమతమ పేళ్లతో, తమతమ పెద్దల పోషణలో, అద్దెగదులలోను దాతల యింటి వసారాలలోను పని చేయుచునే యుండెను. సంఘము వానిని సృష్టింపలేదు. ఒకదాని నొకటి యెఱుంగునట్లు చేసినది. నూఱేండ్లకు పైబడిన ఈ సంస్థ జీవితమును స్మరించు ప్రత్యేక సంచికయందు, ఆ కలయిక యెట్లు సమకూడెనో, ఏ మేరకు ఫలించెనో, ఎచ్చట సడలెనో విచారించుట ఉత్సవమునకు తగిన పనియే యని తలంచుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్ది చివర తెలుగు గ్రామములందు పుస్తకము సామాన్యునికి అందుబాటులోని వస్తువు గాదు. చెన్నపురి రాజధాని యంతటికిని తలమానికముగా 1896లో కన్నెమరా గ్రంథాలయము తెఱవబడినది గాని, గంజామునుండియో అనంతపురమునుండియో ఒక రైతు అచ్చటికి పోయి చదువుట యన్నది ఊహకును అందని మాట. పత్రిక వచ్చు ఊరిలో ఒక్క ప్రతియే వచ్చును. దానిని అక్షరము వచ్చినవాడు రచ్చబండ కడ చదువగా తక్కినవారు వినెడివారు. అట్టి కాలమున విశాఖపట్టణమున 1886లో మంతెన ఆదినారాయణమూర్తిగారను ఒక ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయమను గ్రంథాలయమును నెలకొల్పిరి. భీమవరమునకు సమీపమునందలి కుముదవల్లి యను చిన్న గ్రామమున 1897లో భూపతిరాజు తిరుపతిరాజుగారి పూనికతో వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినది. రాజమహేంద్రవరమున వడ్డాది సుబ్బారాయకవిగారి పేర వసురాయ గ్రంథాలయము పుట్టినది. నైజాము రాజధానియందు 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును అవతరించినవి. బెజవాడలో 1911 నాటికి రామమోహన ధర్మపుస్తక భాండాగారము ఆ పట్టణమునకు ఒక సభాస్థానముగా నిలిచినది.

ఈ స్థాపనల వెనుక నున్న మనుష్యుల నొక వరుసను చూచినచో వింత తోచును. బడిపంతుళ్లు, ప్లీడర్లు, నూలు బియ్యపు వర్తకులు, చిన్న జమీందారులు, పరీక్ష తప్పిన విద్యార్థులు, భజనసమాజముల పెద్దలు: వీరిలో ఒకరి వృత్తికిని మరియొకరి వృత్తికిని పొత్తు లేదు. దాత బీరువా నిచ్చును. పంతులు పట్టీ వ్రాయును. పిల్లలు ఇంటింటికి తిరిగి పాత పుస్తకములను సేకరించి తెత్తురు. ఇట్లు చక్కగా ఆరంభమైన గ్రంథాలయములే పంతులుగారికి బదిలీ యైనంతనే, లేక దాత కన్నుమూసినంతనే, తాళము పడి చెదలకు నెలవులగుచుండెను. స్థాపించువారికి కొఱత లేదు. నిలుపు ఉపాయము మాత్రము ఏ ఒక్క ఊరికిని తెలియకుండెను. ఒకచోట తెలిసినది మరియొకచోటికి చేరుటకు దారి లేదు. పక్క గ్రామమున రెండు ప్రతులున్న గ్రంథమునకై ఈ గ్రామమువారు చెన్నపురికి వ్రాసి, వెల చెల్లింపలేక మానుకొనుచుండిరి.

ఈ లోపమును కనిపెట్టిన యువకుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1907లో బిపినచంద్రపాలుగారు తెలుగు జిల్లాలలో సంచరించి చేసిన ఉపన్యాసములు నాటి యువకులను పెక్కుమందిని కదలించెను. అయ్యంకివారు వారిలో నొకరు. కొందఱు ఆ యావేశమును రాజకీయమునకును, కొందఱు స్వదేశీ పరిశ్రమలకును వినియోగింపగా, ఆయన దానిని పుస్తకమునకు ముడివెట్టెను. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగి, తెలుగువారందఱు ఒక్కచోట కూర్చుండి మాటాడుకొనవచ్చునన్న ధైర్యమును ప్రసాదించినది. మఱుసటి సంవత్సరమున, అనగా 1914 ఏప్రిల్ 10వ తేదీన, బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశమందలి గ్రంథభాండాగారముల ప్రతినిధులు తొలిసారి సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. చిన్ననాటినుండి దృష్టిమాంద్యముచే బాధపడుచు, ఇతరులచేత చదివించుకొని పాండిత్యము గడించిన ఆ మహనీయుడు, చదువు వినుటచేతనే బ్రదుకు దిద్దుకొనుచున్న జనసామాన్యము పక్షమున మాటాడుటకు అందఱికంటెను అర్హుడు. ఆ సభయందే సంఘము పుట్టినది.

సంఘ నిర్మాతలు నాడు చేసిన వివేకవంతమైన పని యేదనగా, చేరిన గ్రంథాలయములను కరగించి ఒక్కటి చేయబూనకుండుట. ప్రతి గ్రంథాలయమునకు దాని పేరు, దాని పెద్దలు, దాని చందాల పెట్టె దానికే యుండెను. ఒక్క చెఱువు క్రింద సాగు చేసికొను రైతులకు ఎవరి పొలము వారిదే యైనను, తూము మరమ్మతు మాత్రము ఉమ్మడి భారమైనట్లు, ఏ యూరును ఒంటిగా చేసికొనలేని పనులనే సంఘము తన తల నెత్తుకొన్నది. గ్రంథాలయ సర్వస్వమను పత్రికను ప్రకటించి, ఒకచోటి యనుభవమును వేఱొకచోటికి చేరవేసినది. ఏటేట సభలను ఒక్కొక్క పట్టణమున జరిపి, ఆతిథ్యమిచ్చు పట్టణమునకు ఒక ఉత్సాహమును మిగిల్చినది. పుస్తకములకు వర్గీకరణమెట్లు చేయవలెను, ఎరువిచ్చిన పుస్తకమునకు లెక్క యెట్లుంచవలెను, చెదల నెట్లు వారింపవలెను అను మోటు పనులను కార్యకర్తలకు నేర్పినది. గ్రంథాలయ యాత్రలను నడిపి, పల్లకీలో దేవుని ఊరేగించు జనమునకు పుస్తకమును ఊరేగించుట చూపినది.

కలయికయనగా లీనమగుటయే యని యనుకొనువారికి రాజమహేంద్రవరము వేఱొక ఉదాహరణము. అచ్చట వసురాయ గ్రంథాలయమును రత్నకవి గ్రంథాలయమును నిజముగనే ఏకమై గౌతమీ గ్రంథాలయముగా రూపొందినవి. నాళము కృష్ణారావుగారి దీక్ష ఆ యైక్యమునకు ప్రాణము. ఒకే పట్టణమున ఒకే పాఠకలోకమును పంచుకొను రెండు సంస్థలకు అది యుచితమైన మార్గము. వేఱువేఱు గ్రామములలోని వందలాది సంస్థలకు అదే సూత్రము పట్టదని సంఘమువా రెఱుంగుదురు.

చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరికడకు పోవలెనన్న తలంపు బరోడా సంస్థానమున సయాజీరావు గైక్వాడు పాలనలో కార్యరూపము దాల్చియుండెను. కాని బరోడాలో ప్రభువు బొక్కసమున్నది. ఆంధ్రదేశమున నున్నవి కాలువలు. గుంటూరు మండలమున పెదపాలెమందు సేవాశ్రమమును నెలకొల్పిన పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడపిరి. రోడ్లు చాలని ఆ కాలమున పెదవడ్లపూడి, కొల్లిపర ప్రాంతముల ప్రజలకు పడవయే బండి. ప్రయాణీకుడు పడవలో కూర్చుండి చదువుకొనును. రేవు రేవున పల్లెవాసులు చదివిన పుస్తకమును తిరిగి యిచ్చి క్రొత్తదానిని తీసికొందురు. ఇంజనీర్లు పైరులకై త్రవ్వించిన కాలువ, సరకులకై కట్టిన పడవ, కూలికి గడవేయు సరంగు, దాతల పుస్తకములు, కార్యకర్తల ఓపిక: ఇవన్నియు ఒక్క నీటిబాటపై కలిసికొనుటయే దాని రహస్యము. క్రొత్తగా కొనవలసినది అత్యల్పము. ఉన్నవానిని కలుపు బుద్ధియే మూలధనము.

అక్షరము రానివానికి పుస్తకమెందులకను ప్రశ్న సంఘమును మొదటినుండియు వెంటాడినది. దానికి సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. స్వరాజ్య పత్రికయందలి వ్యాసమునకై 1908లో కారాగారవాస మనుభవించి బయటికి వచ్చిన ఆ దేశభక్తుడు, తరువాతి జీవితమును వయోజనవిద్యకును గ్రంథాలయములకును ధారపోసి, సంఘాధ్యక్షుడుగా చిరకాలము నడిపెను. ఆయన ప్రేరణమున పెక్కు గ్రంథాలయములు రాత్రి పాఠశాలలకు వేదికలైనవి. అయినను సత్యమును దాచుట ఉత్సవ సంచికకైనను తగదు. రామమందిరమునందో భజనమందిరమునందో బీరువాను నిలిపిన ఊళ్లలో, ఆ మందిరమున ప్రవేశము లేనివారికి బీరువాయు దూరమయ్యెను. స్త్రీలకై కొన్నిచోట్ల వేఱు వేళలు నియమింపబడినను, పుస్తకము పెక్కుసార్లు పురుషుని చేతిమీదుగనే వారి కందెను. సర్వజనులకును అన్న ప్రతిజ్ఞ, ఆచరణమున ఊరి కట్టుబాట్ల గడప కడనే తడబడినది.

తెలంగాణమున ఈ ఉద్యమము వేఱొక గాలిలో పెరిగినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు ప్రభృతులు హైదరాబాదున భాషానిలయమును స్థాపించునాటికి అచ్చట తెలుగునకు రాజాదరణము లేదు. పాఠశాలలలో ఉన్నతవిద్యకు అన్యభాషయే మాధ్యమము. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఈ మిత్రబృందమునుండియే ప్రభవించి, చరిత్ర విజ్ఞానశాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించి, రెండు ప్రాంతముల గ్రంథాలయములను నింపినది. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము గ్రంథాలయ స్థాపనమును తన ధ్యేయములలో నొకటిగా చేర్చుకొన్నది; మాడపాటి హనుమంతరావుగారు దానికి సారథ్యము వహించిరి. సభలకు అనుమతి దొరకుట దుర్లభమైన ఆ రాజ్యమున, పఠనమందిరము ప్రజలు నలుగురు కలిసికొనుటకు మిగిలిన కొద్ది తావులలో నొకటి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు స్వయముగా పుస్తకములను మోసికొనిపోయి ఊరూర అమ్మిరి. రెండు ప్రభుత్వముల సరిహద్దు తెలుగు ప్రజలను విభజించినను, పుస్తకము మాత్రము ఆ గీటును పాటింపలేదు.

సంఘము దృష్టి తెలుగుదేశముతోనే ఆగిపోలేదు. 1919 నవంబరు 14వ తేదీన చెన్నపురిలో అఖిలభారత ప్రజాగ్రంథాలయ మహాసభ జరుగుటకు అయ్యంకివారి ఉద్యమమే ముఖ్యకారణము. నేడు దేశమంతటను గ్రంథాలయ వారోత్సవములు ఆ తేదీననే ప్రారంభమగుచున్నవి. చందాలపై ఆధారపడిన సంస్థ దాత మనసుతో పాటు మాఱుచుండును గనుక, గ్రంథాలయమునకు చట్టబద్ధమైన ఆదాయము కావలెనని కార్యకర్తలు దశాబ్దుల తరబడి కోరిరి. గ్రంథాలయ శాస్త్రజ్ఞులైన యస్. ఆర్. రంగనాథన్ గారి పాండిత్యము ఈ కోరికకు శాస్త్రరూపము నిచ్చెను. స్వతంత్ర భారతమున మొట్టమొదటిదైన మదరాసు ప్రజాగ్రంథాలయ చట్టము 1948లో వచ్చినది; 1955లో హైదరాబాదు చట్టము, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము దానిని అనుసరించినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును స్థానికసంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయవలెనన్నది ఏర్పాటు.

ఇది సంఘమునకు లభించిన మహావిజయము. దాని క్లేశములకును ఇదియే మొదలు. పన్ను కట్టుచున్నాము గదా, ఇక చందా యెందులకని గృహస్థుడనెను. జీతగాడు వచ్చెను గదా, ఇక మా పనియేమని కార్యకర్త యనెను. పూర్వము తాళము పడిన గ్రంథాలయమును చూచి ఊరు సిగ్గుపడెడిది. ఇప్పుడు ప్రభుత్వమును నిందించి ఊరకుండినది. వసూలైన పన్ను స్థానికసంస్థల ఖాతాలలోనే బకాయిలుగా నిలిచిపోవుచున్నదన్న మొఱ ఎడతెగక వినబడుచునే యున్నది. చట్టము వలదని నేననుట లేదు. చట్టము డబ్బు నియ్యగలదు, గది నియ్యగలదు. ఆ గదిలో ఏ పుస్తకముండవలెనో, ఏ వేళ తెఱచిన కూలివానికి అనుకూలమో అడుగు ఊరివారిని అది పుట్టింపలేదు. పంతులు, వర్తకుడు, పడవ సరంగు కూడి చేసిన పనిలో ఒక్కరి భాగమును మాత్రమే ప్రభుత్వము తీసికొన్నది; తక్కిన భాగములను ఎవరును తీసికొనలేదు.

ఈ సడలుబాటును ఎదిరించి సంఘమును నిలిపినవారిలో పాతూరి నాగభూషణముగారి పేరు తిరిగి చెప్పవలెను. పడవనుండి బెజవాడకు చేరిన ఆయన, హరిసర్వోత్తమరావుగారి స్మృతిచిహ్నముగా పటమటలో సర్వోత్తమ భవనము నిర్మించుటకు పాటుపడి, గ్రంథాలయ నిర్వాహకులకు శిక్షణమిచ్చు తరగతులను సాగించి, పత్రికను కాపాడిరి. అయ్యంకివారికి 1972లో పద్మశ్రీ బిరుదము లభించినది. 1979లో వారు దివంగతులైరి. తొలితరము ముగిసినను, వారు కూర్చిన కూర్పు మాత్రము చెదరలేదు.

ఈ చరిత్రమువలన తేలు నిర్ణయమొక్కటి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ధనబలముచే నిలువలేదు, అధికారబలముచే నిలువలేదు. చిన్న సంస్థలు తమ స్వాతంత్ర్యమును విడువక, తమ కొఱతలను ఒండొరులకు దాపరికము లేక చెప్పుకొనినంతకాలము వర్ధిల్లినది, అట్లు చెప్పుకొనుట మానినప్పుడు కృశించినది. నేడు మన పట్టణములందు రక్తదాన సంఘములు, విద్యార్థి వసతిగృహములు, వృద్ధాశ్రమములు, యువజన మండలులు ఎన్నియో యున్నవి. ఒకరి పని మరియొకరికి తెలియకుండుటయే వాని వ్యాధి కూడ. వారికిని ఈ చరిత్రము పాఠ్యగ్రంథమే.

కావున చదువరులకు నా విన్నపమిది. మీ ఊరి గ్రంథాలయమున సభ్యులుగా చేరుడు. నెలకొక్కమాఱైన అచ్చటికి పోయి ఒక గంట పని చేయుడు. మీ ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయపు పన్ను ఎంత యున్నదో చూచి, అది జిల్లా సంస్థకు చేరినదా లేదా యని పంచాయతీ సభయందో పురపాలక సంఘమందో లేచి అడుగుడు.