సూరతు తెలుగు దంపతులు: సంతానసంకల్పము

తాపీనదీతీరమునందలి సూరతు నగరమునకు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసపోయి మరమగ్గముల కార్ఖానాలలో కుదురుకొన్న పద్మశాలి కుటుంబములయందు, ఎందరు బిడ్డలు కావలెనను దంపతుల తలపు మారుటకు ప్రభుత్వప్రచారముకంటె మగ్గమే హెచ్చు కారణమని తోచును. చేమగ్గము ఇంటిల్లిపాదికిని పని కల్పించునది: మగవాడు నేయగా ఇల్లాలు ఆసు పోయును, పిల్లలు రాట్నముకడ కూర్చుండి కండెలు చుట్టుదురు, అట్టి యింట మరియొక బిడ్డ యనగా మరి రెండు చేతులని పెద్దలు లెక్కించుటలో వింత లేదు. మరమగ్గము ఆ లెక్కను తలక్రిందులు చేసినది. పన్నెండు గంటల పాళి చేయువాడు ఒక్కడు, కూలి ఒక్కనిది, కాపురము లింబాయత్ వంటి పేటలలో అద్దెగది. కండెలు చుట్టవలసిన వయసున బిడ్డలు నగరపాలిక నడపు తెలుగుబడికి పోవలసినవారైరి.

సంతాననిరోధోద్యమము వేరుదారిని వచ్చినది. 1921లో రఘునాథ ధోండో కర్వే బొంబాయిలో సంతాననిరోధ కేంద్రమును తెరచెను. 1935లో తన్ను చూడవచ్చిన అమెరికా సంతాననిరోధ ప్రచారకురాలు మార్గరెట్ శాంగరుతో గాంధీజీ కృత్రిమసాధనములను నిరాకరించి ఇంద్రియనిగ్రహమునే బోధించెను. కూలివాని అద్దెగదిలో ఆ బోధ ఎంతవరకు సాగునో ఊహింపవచ్చును. 1952లో భారతదేశము కుటుంబనియంత్రణమును జాతీయ కార్యక్రమముగా చేపట్టినది. లోకమున ఇట్టిది ఇదియే మొదటిది. 1971-72 శీతకాలమున గుజరాతులోని శిబిరములలో రెండులక్షలకు పైగా పురుషులు వేసెక్టమీ చేయించుకొనిరి. అత్యవసర పరిస్థితినాటి బలవంతముతో 1976-77లో దేశమున ఎనుబది లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగెను. వానిలో అధికభాగము పురుషులవే. ఆ భయమునకు మగవారు తొలగిపోగా, భారమంతయు స్త్రీలపై పడినది.

నాటినుండి ఇద్దరు పుట్టినపిమ్మట ఇల్లాలికి 'కు.ని. (కుటుంబనియంత్రణ) ఆపరేషన్' చేయించుటయే తెలుగునాట వాడుకయైనది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున తెలంగాణ వివాహితలలో నూటికి అరువదిమందికి పైగా ఈ చికిత్స పొందినవారే. గుజరాతున అట్టివారు మూడవవంతుకు కొంచెము మించుదురు. నిర్ణయము దంపతులదని పేరేగాని కోత ఇల్లాలిది. ఆ నిర్ణయమునందైనను అత్తగారి మాట, మగబిడ్డ కోరిక చొరబడకుండలేదు. ఈ కోరిక ఒక్క కులమునకో, భాషకో చెందినది కాదు: 2011 జనగణనమున సూరతు జిల్లాలో ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 835 మందియే.

ఇద్దరు చాలునను తలపు చట్టములకును ఎక్కినది: ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానికసంస్థల ఎన్నికలకు అనర్హులని ఆంధ్రప్రదేశ్ 1994లోను, గుజరాతు 2005లోను శాసించినవి. జననములు తగ్గి, వృద్ధులు పెరుగుచున్నారను చింతతో ఆంధ్రప్రదేశ్ 2024లో తన నిబంధనను ఎత్తివేసినది.