ఉత్తరేణి: పత్రి నుండి క్షారసూత్రము వరకు

తొలకరి వానలు పడినది మొదలు, తెలుగునాట ఏ డొంకదారిని నడచినను, ఏ పాడుపడిన దొడ్డిలో అడుగిడినను ఉత్తరేణి మొక్క కంటబడక మానదు. నిటారుగా సాగిన సన్నని వెన్ను, దాని వెంబడి లేతాకుపచ్చని చిన్నిపూవులు, ముదిరినకొలది ఆ పూవులన్నియు తలక్రిందులై కాడ నంటుకొనుట, దరిజేరినవాని పంచె అంచును వాడిమొనలతో పట్టుకొని విడువకుండుట దీని లక్షణములు. నేడు కలుపుమొక్కయని పెరికివైచువారే పెక్కండ్రు గాని, పూర్వులు దీనికిచ్చిన గౌరవము సామాన్యమైనది కాదు.

అపామార్గమను పేర దీనిని సంబోధించిన సూక్తములు అథర్వవేదము నాలుగవ కాండముననే కలవు. నవగ్రహ హోమమున బుధునకు సమిధ యిదియే. వినాయకచవితినాటి 21 పత్రులలో నిదియు నొకటి. నరకచతుర్దశినాడు తలంటువేళ దీని కొమ్మను శిరస్సు చుట్టును త్రిప్పుట ఆచారము. పల్లెవాసులు దీని పుల్లతో పండ్లు తోముకొనెడివారు.

వైద్యులు దీని గుణములను మరింత లోతుగా పరీక్షించిరి. చరకసంహిత సూత్రస్థానమున రెండవ అధ్యాయమునకు దీని గింజలను బట్టియే అపామార్గతండులీయమని పేరు వచ్చినది. ఆ గింజల పొడిని శిరోవిరేచనమునకు, అనగా తలలోని దోషములను వెడలించుటకు, నస్యముగా ముక్కున వాడుమని ఆ గ్రంథము విధించినది. సుశ్రుతుడు క్షారము తీయదగిన మొక్కలలో దీనిని చేర్చి, తయారుచేయు విధానమును విపులముగా చెప్పెను: ఎండిన మొక్కను కాల్చి, ఆ బూడిదను ఆరురెట్ల నీటిలో కలిపి, ఇరువదియొక్క మారులు వడియగట్టి, తేరిన నీటిని నిప్పులపై మరిగింపవలెను. ఉత్తరేణి బూడిద నీటిని పూర్తిగా ఇగిర్చినచో అడుగున తెల్లని ఉప్పువంటి పొడి మిగులును, అదియే అపామార్గక్షారము.

ఈ క్షారమునకు శస్త్రచికిత్సలోను చోటు కలిగినది. మలద్వారము చెంత నేర్పడు భగందర వ్రణమునకు జెముడుపాలు, పసుపు పట్టించిన దారమును 11వ శతాబ్దినాటి చక్రపాణిదత్తుడు పేర్కొనెను. 1960 దశకమున కాశీ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు ఆ చికిత్సను పునరుద్ధరించిరి. వారి పద్ధతిలో నారదారమునకు జెముడుపాలు 11 పూతలు, ఆ పాలతోనే ఉత్తరేణిక్షారము 7 పూతలు, ఆ పాలతోనే పసుపు 3 పూతలు పట్టింతురు. క్షారసూత్రమనబడు ఆ దారము వ్రణమార్గమును మెల్లమెల్లగా కోయుచు, వెనువెంటనే మాన్పుచు వచ్చును.

మొక్కను గుర్తించుట పండుగ నేర్పినది. దానిని ఔషధముగా మార్చు శ్రమను వైద్యుడు వహించినాడు. ఈ రెండును కలిసినందుననే ఆ విద్య తరతరములు నిలిచినది. నేడు పత్రిని కట్టగా కొనితెచ్చి, ఏది ఉత్తరేణియో ఏది మాచిపత్రియో ఎరుగకయే పూజ ముగించుచున్నాము. చవితి ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొనిపోయి, ఆకునాకును చూపి, పేరుపేరున చెప్పి కోయించుట వ్రతములో భాగమే యని పెద్దలు గ్రహింపవలెను.