పారిజాతం: మెట్ట పెరట్లో పెంపకం

పారిజాతం మల్లె కుటుంబానికి చెందిన పూలపొద. పగడమల్లె అనీ అంటారు. లిన్నేయస్ 1753లో దీనికి నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్ అని శాస్త్రీయనామం పెట్టాడు. రాత్రి పూయడం, తెల్లారేసరికి పూలన్నీ రాల్చేసి దిగులుగా నిలబడటం రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. హిమాలయ పాదాల నుంచి గోదావరి దాకా పొడి అడవుల్లో, రాతివాలుల్లో తనంతట తానే పెరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కింతూరులో పారిజాతంగా పూజలందుకునే మహావృక్షం మాత్రం ఇది కాదు, బావోబాబ్. ఆకు గరుకుగా, లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉంటే అది మన పారిజాతమే.

దీని పెంపకానికి వనపర్తి జిల్లా పెబ్బేరు నేలను ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఊరు కృష్ణానదికి దగ్గరగా, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. జూరాల కాలువ పారే చోట వరి, మెట్ట చెలకల్లో వేరుశనగ పండే ప్రాంతం. నీరు నిలవని ఎర్ర చెలక పారిజాతానికి అచ్చంగా సరిపోతుంది. నల్లరేగడి అయితే మొరం, ఇసుక కలిపి కాస్త ఎత్తు చేసి నాటాలి. తొలకరి పడ్డాక అడుగున్నర గుంత తీసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. మొదటి రెండు వేసవులు పాదు పూర్తిగా ఆరాక తడుపుతూ ఉండాలి. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది కానీ మొదలుకు తగలనివ్వకూడదు, చెదలు పడతాయి.

అసలు పొరపాటు వేసవిలో జరుగుతుంది. నీటి ఎద్దడికి ఆకు రాల్చుకోవడం ఈ పొద స్వభావం. మోడును చూసి చచ్చిపోతోందని కంగారుపడి రోజూ బోరు పైపు వదులుతారు. వేరు కుళ్లేది అప్పుడే. కొమ్మను గోటితో గీకి చూడాలి. బెరడు కింద పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే, వానలకు చిగురిస్తుంది. పూత కొత్త కొమ్మల చివర వస్తుంది కాబట్టి పూలు అయిపోయాక, చిగుళ్లకు ముందే కత్తిరించాలి. ఈ ఒక్క పని మానేస్తే పొద పైపైకి సాగిపోయి పూలు చేతికందవు.

పూత సాధారణంగా ఆగస్టు నుంచి డిసెంబరు దాకా. పొద్దుగూకాక విచ్చి, వేకువనే రాలతాయి. చాలా పూలు బోర్లాపడి, నారింజ రంగు కాడలు పైకి చూస్తుంటాయి. నేల రాలిన పువ్వును దేవుడికి పెట్టకూడదనే నియమం దీనికి వర్తించదు. అందుకే రాత్రే పొద కింద ఉతికిన పాతచీర పరిచి ఉంచుతారు. పూజకు పోగా మిగిలిన పూల కాడలు తుంచి నీడన ఎండబెడితే బట్టలకు కాషాయం రంగు దిగుతుంది.