మైపాడు రోడ్డు మీద సోడియం దీపం కోసం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినపుడు నేను చేసిన పని తలుచుకుని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. రాత్రి తొమ్మిదింటికి బండి తీసి, జేబులో ఒక పాత సీడీ పెట్టుకుని, నెల్లూరు నుంచి మైపాడు సముద్రం దాకా పసుపు రంగు వీధిదీపం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమో చూసి వద్దామని బయల్దేరాను. ఇరవై చిల్లర కిలోమీటర్లు. ఊళ్ళో ఎవరైనా చూస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో బుర్ర చెడిపోయిందనుకుంటారు కదా :)

ఇదేం పిచ్చి అనకండి, బ్రిటన్‌లో ఇది పెద్ద సరదానే. లో ప్రెషర్ సోడియం దీపాలు ఇంకా ఏ సందులో వెలుగుతున్నాయో వెతికి ఫోటోలు తీసుకునేవాళ్ళున్నారక్కడ. ఆ దీపం రోడ్డు మీదకొచ్చింది 1932లో. హాలండ్‌లో బేక్, గెలీన్ ఊళ్ళ మధ్య రోడ్డుకి ఫిలిప్స్ వాళ్ళు పెట్టారు. అదే ఏడు లండన్ దగ్గర క్రోయిడన్‌లోనూ వెలిగింది. ఆ తరువాత దశాబ్దాల పాటు బ్రిటన్ రాత్రి రంగే అది. ఫిలిప్స్ దీపాల వ్యాపారం చూసే సిగ్నిఫై వాళ్ళు 2019తో వీటి తయారీ ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఒకటి మాడితే దాని స్థానంలో ఇంకోటి రాదు.

మరి నెల్లూరులో? ఇక్కడే నేను చాలా రోజులు పొరబడ్డాను. మా చిన్నప్పుడు హైవే మీద, బస్టాండు దగ్గర వెలిగిన పసుపు దీపాలన్నిటినీ మనం సోడియం లైట్లనే అన్నాం. అవి సోడియమే గానీ ఇది కాదు, హై ప్రెషర్ రకం. 1960ల మధ్యలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు మార్కెట్లోకి తెచ్చింది. దాని వెలుతురు బంగారు రంగులో ఉంటుంది, అందులో ఎరుపూ ఆకుపచ్చా కాస్త కాస్త కలిసి ఉంటాయి. లో ప్రెషర్ దీపానిది ఒకే రంగు, 589 నానోమీటర్లు, అంతే. దాని కింద ఎర్ర చీరా, నీలం చొక్కా రెండూ బూడిద రంగులోనే కనిపిస్తాయి.

ఆ అసలు దీపాన్ని మీలో చాలామంది చూశారు, గుర్తు లేదంతే. బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో న్యూటన్ రింగ్స్ ప్రయోగం గుర్తుందా? చిల్లు ఉన్న డబ్బాలో దీపం, స్విచ్ వేయగానే నియాన్ వల్ల ఎర్రగా వెలిగి, పది నిమిషాలకి నిదానంగా పసుపుకి తిరిగేది. 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు! రింగులు కనపడక, జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాసుకున్న బ్యాచ్ మాది. అదీ లో ప్రెషర్ సోడియమే. నెల్లూరు రోడ్ల మీద నాకెప్పుడూ తగలని దీపం కాలేజీ టేబుల్ మీద రెండడుగుల దూరంలో ఉండేదన్నమాట.

ఈ ఒకే రంగు అన్నది లోపమే, కానీ కొందరికి వరమైంది. మా టీమ్‌లో పాతికేళ్ళుగా శాన్ హోసేలో ఉంటున్న తెలుగాయన ఒకరు చెప్పారు, తను దిగిన కొత్తలో ఊరంతా పసుపుగా, ఏదో రోగమొచ్చినట్టు ఉండేదట. కారణం పక్కనే మౌంట్ హామిల్టన్ మీద 1888 నుంచి ఉన్న లిక్ అబ్జర్వేటరీ. ఖగోళ శాస్త్రజ్ఞులు అడిగితే 1980 ప్రాంతంలో నగరం వీధుల్లో లో ప్రెషర్ సోడియం పెట్టింది. వెలుతురంతా ఒక్క గీతలో ఉంటే ఆ గీతను ఫిల్టర్‌తో తీసేసి మిగతా ఆకాశాన్ని చూసుకోవచ్చు. మన కోడ్‌లో ఒక తెలిసిన ఎర్రర్‌ని పక్కన పెట్టినట్టు. తరువాత ఆ నగరం కూడా ఎల్‌ఈడీల వైపే వెళ్ళింది.

మన దగ్గర మార్పు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖలో పెద్ద ఎత్తున మొదలైంది. దాదాపు 90 వేల దీపాలు మార్చారు. 2015 జనవరిలో దేశవ్యాప్త పథకం వచ్చింది, ఆ తరువాత మన పంచాయతీల దాకా పాకింది. కరెంటు ఆదా నిజం, నేను కాదనను. మా వీధిలో ఆడవాళ్ళు రాత్రి ధైర్యంగా నడుస్తున్నారు, అదీ నిజమే. కానీ తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం దీపం (దానికే 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది), పైన పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలమే మా తీరంలో చిక్కు తెచ్చింది.

మా నెల్లూరు ఇసుకలో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. యాభై రోజులకి అటూ ఇటూగా పిల్లలు రాత్రి పూట బయటికొచ్చి, ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి. లక్షల ఏళ్ళుగా అటు ఉన్నది సముద్రమే. నీలం, తెలుపు వెలుగులు వాటిని బాగా లాగుతాయి, పసుపు చాలా తక్కువ. అందుకే అమెరికాలో ఫ్లోరిడా తీరాన ఒకప్పుడు లో ప్రెషర్ సోడియమే వాడమనేవాళ్ళు. ఇక్కడ ఒక పట్టపుపాళెంలో (పేరెందుకులెండి) రేవు దగ్గర కొత్తగా పెట్టిన తెల్ల దీపం కింద, నేను బీటెక్ చివరేడులో ఉండగా ఒక పొద్దున, రోడ్డు మీద ఎండిపోయిన పిల్లల్ని పదకొండు లెక్కపెట్టాను. సముద్రం వంద గజాల్లో ఉంది. ఆ దీపం పెట్టించమని సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సరే, మైపాడు రోడ్డుకొస్తే, దారి పొడుగునా తెలుపే. చివరికి ఒక రొయ్యల గుంట గట్టు మీద పసుపు కనపడింది. బండాపి సీడీని వాలుగా పట్టుకుని చూస్తే ఎరుపు, ఆకుపచ్చ చారలు కూడా ఉన్నాయి, అంటే హై ప్రెషర్ రకమే. చోక్ గుయ్యిమంటోంది. కాపలా తాత మంచం మీంచి లేచి, "ఏందబ్బయ్యా, అద్దంలో మొఖం చూసుకుంటుండావా?" అన్నాడు. సంగతి చెబితే, కొట్లో ఈ బల్బు దొరకట్లేదనీ, ఇది పోతే ఓనరు తెల్లది బిగిస్తానన్నాడనీ చెప్పాడు. "తాతా, ఇది పోయినా పారేయబాకండి, బిగించేది గూడా పసుపుదే బిగించమనండి, ఎల్‌ఈడీలో అదీ దొరుకుతుంది" అని నా నంబరు రాసిచ్చాను. ఆ కాయితం మడిచి బీడీ కట్టలో పెట్టుకున్నాడు.